ఓడ ఆగిన దీవి

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు గావింపబడిన ఉపన్యాసము)



సుందరకాండము పారాయణము జరుగని తెలుగుపల్లె అరుదు. కావున మైనాకుని కథ ఈ సభకు క్రొత్త కాదు. హనుమంతుడు సముద్రమును లంఘించుచుండగా, ఆ మహానుభావునకు నడుమ కొంత విశ్రాంతి కలుగవలెనని సముద్రుడు తలచెను. తన గర్భమున దాగియున్న మైనాక పర్వతమును పైకి లెమ్మని కోరెను. పర్వతము లేచెను. దారికి అడ్డము వచ్చిన విఘ్నమని తలచి హనుమంతుడు మొదట దానిని రొమ్ముతో త్రోసివేసెను. అప్పుడు మైనాకుడు మనుష్యరూపము దాల్చి, పూర్వము ఇంద్రుడు పర్వతముల రెక్కలు నరకునపుడు వాయుదేవుడు తన్ను కాపాడిన సంగతి విన్నవించి, ఆ ఋణము తీరునట్లు తన ఆతిథ్యము స్వీకరింపుమని వేడెను. హనుమంతుడు పర్వతమును చేతితో తాకి, ఆతిథ్యము అందినట్లే యని పలికి, తన కార్యమునకై ముందునకు సాగెను.

నడిసముద్రమున ఒక నేల, దాని మీదుగా పోవు ఒక ప్రయాణికుడు, ఇరువురి నడుమ కొన్ని గడియల కలయిక. ఇటువంటి కథయే ఇటీవల పసిఫిక్ మహాసముద్రమున జరిగినది. అక్కడ ఆగినది వానరవీరుడు కాదు, రెండువేల మందిని మోయగల విహారనౌక. ఎదురువచ్చినది రెక్కల పర్వతము కాదు, అల కంటె కొంచెమే ఎత్తైన పగడపు దీవి. దాని పేరు తబువేరన్. ఆంగ్లేయుల పటములలో దానిని ఫానింగ్ దీవి అని వ్రాయుదురు. ఆ దీవికి ఓడ ఏల వచ్చెను, ఏమి ఇచ్చెను, ఏల మానెను అను మూడు ప్రశ్నలే నేటి ప్రసంగమునకు విషయము.

ముందుగా హద్దులు చెప్పవలెను. ఈ దీవి భూమధ్యరేఖకు ఉత్తరమున నాలుగు డిగ్రీలకు లోపల ఉన్నది. హవాయి దీవులలోని హోనలూలూ నగరము దీనికి ఉత్తరముగా సుమారు 1,900 కిలోమీటర్లు. ఆగ్నేయమున సుమారు 300 కిలోమీటర్లలో క్రిస్మస్ దీవి. ఈ రెండు దీవులును కిరిబాస్ రాజ్యమునకు చెందినవి. ఆ రాజ్యపు రాజధాని తరావా పడమరగా 3,000 కిలోమీటర్లకు పైన ఉన్నది. అనగా ఇచ్చటి రైతు తన రాజధానికి అర్జీ పెట్టుకొనవలెనన్నను మహాసముద్రములో పెద్ద భాగము దాటవలెను.

ఇది రాతినేల కాదు, మట్టినేల కాదు. వెనుకటి కాలమున అగ్నిపర్వతము ఒకటి సముద్రమునుండి లేచి, క్రమముగా క్రుంగిపోవుచుండగా, దాని అంచుల చుట్టు పగడపు జీవులు గూడు మీద గూడు కట్టుచు పైకి పెరిగినవి. పర్వతము మునిగినది, పగడపు వలయము మిగిలినది. ఇటువంటి దీవులు ఏర్పడు తీరును ఇట్లు వివరించినవాడు చార్లెస్ డార్విన్. ఆ గ్రంథము 1842లో వెలువడినది. తబువేరన్ అట్టి వలయమే. నేల వైశాల్యము సుమారు 34 చదరపు కిలోమీటర్లు, వలయము నడుమనున్న ఉప్పునీటి మడుగు సుమారు 110 చదరపు కిలోమీటర్లు. నేల మిక్కిలి ఎత్తైన చోట కూడ సముద్రమట్టమునకు మూడు మీటర్లు మాత్రమే. పల్లెలోని గడ్డివామి దానికంటె ఎత్తుగా ఉండును.

ఇట్టి నేలలో నూయి త్రవ్విన మంచినీరు ఎట్లు లభించునని ఆశ్చర్యము కలుగవచ్చును. వర్షపునీరు ఇసుకలో ఇంకి, క్రిందనున్న ఉప్పునీటిపై పాలమీది మీగడవలె తేలియుండును. నెమ్మదిగా తోడుకొన్న మీగడ లభించును. ఆత్రపడి లోతుగా తోడిన ఉప్పు పైకి వచ్చును. ఈ సంగతి గుర్తుంచుకొనదగినది. దీవి సంపద అంతయు ఈ తీరుననే ఉన్నది.

ఇక దీవికి వచ్చిన అతిథుల వరుస. అతిథి యనగా రెండవ తిథి వరకు నిలువనివాడని పెద్దలు చెప్పుదురు. ఈ దీవికి వచ్చినవారిలో చాలమంది ఆ మాటకు తగినవారే. మొదట పాలినీషియా జాతివారు దోనెలలో వచ్చి కొంతకాలము నివసించిపోయిరి. ఆకాశపు అడుగుజాడ అని అర్థమిచ్చు పేరు వారు పెట్టినదే. 1798లో ఎడ్మండ్ ఫానింగ్ అను అమెరికా నౌకాధిపతి దీనిని చూచునాటికి నేల నిర్జనముగా ఉండెను. పందొమ్మిదవ శతాబ్ది నడుమ తెల్లవారు కొబ్బరితోటలు వేసి, ఇతర దీవులనుండి కూలీలను తెచ్చిరి. 1888లో ఆంగ్ల ప్రభుత్వము దీనిని కలుపుకొన్నది.

1902లో మరియొక అతిథి వచ్చెను. అది సముద్రగర్భపు తంతితీగ. కెనడా తీరమునుండి ఆస్ట్రేలియా, న్యూజిలాండు దేశములకు వేసిన ఆ తీగ నడుమ ఊపిరి తీసికొనుటకు ఒక నేల కావలసివచ్చినది. బహుదూరమునుండి వచ్చు సంకేతము బలహీనపడును. దానిని అందుకొని మరల పంపు మనుష్యులు నడుమ ఉండవలెను. అందులకు తబువేరన్ తగినది. 1914వ సంవత్సరము సెప్టెంబరు 7వ తేదీన జర్మనుల న్యూరెంబర్గ్ అను యుద్ధనౌక ఫ్రెంచి పతాకము ఎగురవేసికొని వచ్చి, భటులను దింపి, తీగను కోసి, కార్యాలయపు యంత్రములను పగులగొట్టి పోయెను. తీగ మరల అతుకబడినది. కాని 1963లో క్రొత్త తీగ వచ్చిన పిమ్మట, పాత కార్యాలయమునకు పని తీరిపోయినది.

ఈ చరిత్రలో ఒక పోలిక కనబడుచున్నది. దీవి మీది ప్రేమచేత వచ్చినవారు తక్కువ. దారి నడుమ ఉన్నది కావున వచ్చినవారు ఎక్కువ. అవసరము ఉన్నంతకాలము నిలిచిరి, తీరగానే పోయిరి. నిలిచినవారు కొబ్బరిచెట్టును నమ్ముకొన్న కాపురస్థులు. 1979లో కిరిబాస్ స్వతంత్రరాజ్యమైనది. రాజధానిలో నేల చాలక జనము క్రిక్కిరిసియుండగా, 1980ల చివరనుండి ప్రభుత్వము అనేక కుటుంబములను ఈ తూర్పు దీవులకు తరలించినది.

ఈ కాపురస్థుల జీవనము తెలుగు రైతునకు సులభముగా అర్థమగును. ఎండుకొబ్బరి వారి పైరు. ప్రభుత్వమే దానికి ధర కట్టి కొనును. తినుటకు చేప, సీమపనస, మొగలిజాతి చెట్ల పండ్లు, గుంటలు త్రవ్వి పెంచెడు పెద్ద చామదుంప. ఉదయసాయంకాలములు కొబ్బరిచెట్టు నెక్కి గెల గీసి తీపికల్లు దింపుదురు. దానిని కాచి పాకము చేసికొందురు. ఊరి పెద్దలు కూడి మాటలాడుకొనుటకు మనేయబ అను పెద్ద చావడి ప్రతి గ్రామమున ఉండును. గృహస్థుడు మాటలాడునపుడు పెద్దల వరుస తప్పరాదు. సరకుల ఓడ ఎప్పుడు వచ్చునో రూఢిగా చెప్పజాలరు. బియ్యము, పిండి, చక్కెర దానిలోనే రావలెను.

ఇట్టి చోటికి విహారనౌక ఏల వచ్చినది? దీవి అందమని చెప్పిన సత్యమే యగును, కాని పూర్తి సత్యము కాదు. ఉత్తరము వేరొక చోట, 1886లో అమెరికా శాసనసభ చేసిన ఒక చట్టములో ఉన్నది. పరదేశపు పతాకము గల ఓడ ఒక అమెరికా రేవునుండి మరియొక అమెరికా రేవునకు ప్రయాణికులను చేరవేయరాదని ఆ చట్టము శాసించినది. స్వదేశపు ఓడలను, స్వదేశపు నావికులను కాపాడుట దాని ఉద్దేశము. మీరినచో తలకు రెండు డాలర్లు దండుగ. 1898లో దానిని రెండువందల డాలర్లు గావించిరి. పరదేశపు ఓడ అమెరికా రేవున బయలుదేరి, తక్కిన అమెరికా రేవులు చూపించి, మరల బయలుదేరినచోటికే చేర్చవలెనన్న, నడుమ ఒక్క పరదేశపు రేవునైనను తాకితీరవలెను.

విహారనౌకలలో అత్యధికము బహామాస్, పనామా వంటి చిన్న దేశముల పతాకములు కట్టుకొన్నవి. హవాయి దీవులన్నియు అమెరికావి. వానిని చుట్టి చూపించు నౌకకు పరదేశపు నేల ఎక్కడ? ఉత్తరమున లేదు, తూర్పున లేదు. దక్షిణమున 1,900 కిలోమీటర్ల దూరమున, మడుగును మంచి ఒడ్డును గల తబువేరన్ ఉన్నది. 1990ల చివరనుండి ఓడలు అక్కడకు రాసాగినవి. 2001 చివర, సుమారు 2,200 మంది ప్రయాణికులు పట్టగల నార్వీజియన్ స్టార్ అను నౌక హవాయి మార్గమున దిగిన పిమ్మట ఈ రాక వారవారము జరుగు సంగతి యాయెను. ఏడుదినముల యాత్రలో మూడుదినములకు పైగా ఈ దీవికి పోవుటకును మరలుటకును చెల్లిపోవుచుండెను. దీవిపై నిలుచునది మాత్రము కొన్ని గంటలే. ఒక్క పూట ఆగుటకు ఇంత నూనె కాల్చుట ఏ వర్తకునకును లెక్క కుదరదు. చట్టము అనునది నడుమ ఉన్నందున కుదిరినది.

ఓడ వచ్చు దినము ఎట్లుండెనో ఊహింపుడు. తెల్లవారునప్పటికి పగడపు గట్టునకు వెలుపల ఎత్తైన మేడవంటి నౌక నిలిచియుండును. లోపలికి అది రాజాలదు. చిన్నపడవలు ప్రయాణికులను మూటలు మూటలుగా ఒడ్డునకు చేర్చును. దీవి జనాభా 2000 సంవత్సరపు లెక్కలలో 1,757. అనగా ఓడ నిండుగా వచ్చిన దినమున ఊరివారికంటె అతిథులు అధికము. తెల్లవారిని కిరిబాస్ భాషలో ఇమాటాంగ్ అందురు. మాటాంగ్ అనునది వారి పురాణగాథలలో పూర్వులు వచ్చిన దివ్యభూమి. దేవలోకమునుండి దిగినవారు అని ఒకనాడు పెట్టిన పేరు, టోపీలు పెట్టుకొని ఇసుకలో నడచువారికి నేటికిని నిలిచియున్నది.

పిల్లలు వరుసగా నిలిచి పాడుదురు. పడుచువారు చేతులు చాచి సముద్రపక్షి రెక్కలవలె ఆడించుచు తమ పెద్దల నృత్యము చేయుదురు. స్త్రీలు గవ్వల దండలు, అల్లిన చాపలు, బుట్టలు పరచుకొని కూర్చుందురు. ప్రయాణికులలో దయగలవారు బడిపిల్లలకు పుస్తకములు, పెన్సిళ్ళు తెచ్చుటయు కలదు. భోజనపానీయములు మాత్రము ఓడనుండియే దిగును. సాయంకాలమునకు పడవలు మరలును, నౌక కూత వేయును, ఒడ్డు శూన్యమగును. సముద్రము పొంగిన దినమున పడవ దించుట సాధ్యము కాదు. వారమంతయు గుచ్చిన దండలు ఆ దినమున మరల బుట్టలోనికే చేరవలెను.

ఇప్పుడు చిట్టా తెరచి జమాఖర్చులు చూతము. జమ వైపున, ఎండుకొబ్బరి తప్ప వేరు రాబడి లేని ఊరికి డాలర్లు వచ్చినవి. పడవ పనివానికి, పాటకానికి, దండలు గుచ్చు ముసలమ్మకు చేతిలో సొమ్ము ఆడినది. మరుగుపడు నృత్యమునకు చూచువారు దొరకినందున చిన్నవారు దానిని నేర్చిరి. ఇవి అల్పమని త్రోసివేయరాదు. లేనివాని యింట రూపాయి విలువ ఉన్నవానికి తెలియదు.

ఖర్చు వైపున వ్రాయవలసినవి కంటికి వెంటనే కనబడవు. కొబ్బరి కొట్టవలసిన చేయి గవ్వలు గుచ్చినపుడు, ఆ పూట కొబ్బరి చెట్టు క్రిందనే ఉండును. కొన్న బియ్యమునకు అలవాటుపడిన నోటికి చామదుంప రుచింపదు. చామగుంట బాగుచేయుట మానినచో మరల త్రవ్వుటకు ఏండ్లు పట్టును. అన్నిటికంటె పెద్ద పద్దు మరియొకటి. రాబడి దేనివలన వచ్చుచున్నదో ఆ కారణము దీవిలో లేదు. అది వేరొక రాజధానిలో, వేరొక భాషలో, వంద సంవత్సరములకు పూర్వము వ్రాసిన కాగితములో ఉన్నది.

ఆ కాగితమే కథను ముగించినది. 2001లో హవాయిలో అమెరికా పతాకముతో నౌకలు నడుపుచుండిన వ్యాపారము దివాలా తీసినది. సగము కట్టిన క్రొత్త నౌక ఒకటి మిగిలిపోయినది. 2003లో అమెరికా శాసనసభ ప్రత్యేకమైన మినహాయింపు నిచ్చి, ఆ నౌకను పరదేశమున పూర్తిచేసియు అమెరికా పతాకము కట్టుకొనుటకు అనుమతించినది. 2004లో ప్రైడ్ ఆఫ్ అలోహా, 2005లో ప్రైడ్ ఆఫ్ అమెరికా, 2006లో ప్రైడ్ ఆఫ్ హవాయి అను నౌకలు అమెరికా పతాకముతో హవాయిలో తిరుగసాగినవి. స్వదేశపు ఓడకు పరదేశపు రేవుతో పనిలేదు. 2007లో నార్వీజియన్ విండ్ అను నౌకయు ఆ మార్గము వీడినది. దానితో తరచుగా వచ్చు ఓడ తబువేరన్‌కు లేకపోయెను. పిమ్మట దూరయాత్రల నౌకలు అప్పుడప్పుడు ఆగుట కలదు, కాని వారపు రాక మరల లేదు.

గమనింపవలసినది ఏమనగా, దీవివారు తప్పేమియు చేయలేదు. పాట బాగుగా లేదని ఓడ మానలేదు. దండలు ప్రియమని మానలేదు. ఒడ్డు చెడిపోయెనని మానలేదు. ఓడ వెనుకనున్న గుడ్డ రంగు మారినది, అంతియే. 2005లో 2,539గా ఉన్న జనసంఖ్య 2010 నాటికి 1,960 ఆయెను. ఈ తగ్గుదలకు ఓడ ఒక్కటియే కారణమని వ్రాయుట సరియైన లెక్క కాదు. వచ్చి స్థిరపడినవారు పలు కారణములచేత పోవచ్చును. అయినను రెండు పద్దులును ప్రక్కప్రక్కన ఉన్నవి. చూచువారు చూతురు గాక.

ఇచ్చట తెలుగునేల కథ ఒకటి జ్ఞప్తికి తెచ్చుకొనుట యుక్తము. నేటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లి ఒకనాడు ప్రసిద్ధమైన రేవు. గాలివానకు చిక్కి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడల సరకు అంతయు రాజులు పట్టుకొనుట పూర్వపు ఆచారము. కాకతీయ గణపతిదేవుడు 1244లో అక్కడ అభయశాసనము వేయించి, సర్వస్వము కోల్పోయినవాని ధనము పట్టుట ధర్మము కాదని తలచి, ముప్పదింట ఒకవంతు సుంకము మాత్రము పుచ్చుకొని తక్కినది వర్తకునకే విడిచెను. ఆ శాసనమును చూచి పరదేశపు ఓడలు ధైర్యముగా వచ్చినవి.

రెండు చోట్లను ఓడను పిలిచినది చట్టమే. కాని భేదము చూడుడు. మోటుపల్లి శాసనము మోటుపల్లి రేవుననే, ఆ రేవు మేలు కోరిన రాజు వేయించినది. అది రాతిమీద నిలిచినది, వచ్చినవాడు చదువుకొనగలడు, ఊరివాడును చదువుకొనగలడు. తబువేరన్‌కు ఓడను తెచ్చిన చట్టము తబువేరన్ పేరైనను ఎరుగదు. చేసినవారు ఆ దీవిని తలచి చేయలేదు. సడలించినవారు ఆ దీవిని తలచి సడలింపలేదు. పరుల అవసరము వలన పుట్టిన భాగ్యము పరుల అవసరముతోనే తీరును.

అట్లని అతిథిని త్రోసివేయుమని దీని భావము కాదు. మైనాకుడు చేసినది చూడుడు. ఆతడు లేచినది కృతజ్ఞతచేత. హనుమంతుడు ఆగకపోయినను ఆతని ఫలములు ఆతనికి ఉన్నవి, శిఖరములు శిఖరములుగానే ఉన్నవి. ఇంద్రుని అభయము కూడ లభించినది. అతిథి వచ్చిన సంతోషము, రాకున్న నష్టము లేదు. గృహస్థధర్మమునకు ఇంతకంటె మంచి కొలత కనబడదు. ఓడ వచ్చినపుడు పాడుట తప్పు కాదు. ఓడ రాదని చామగుంట పూడ్చుకొనకుండుట వివేకము. తబువేరన్ రైతునకు కొబ్బరిచెట్టు ఉన్నది, మడుగున చేప ఉన్నది, ఇసుక క్రింద మీగడవలె మంచినీరు ఉన్నది. ఓడ పోయిన పిమ్మట ఆ దీవిని నిలిపినవి ఇవియే. సముద్రమట్టము పెరుగుచున్న ఈ దినములలో మూడు మీటర్ల నేలకు పెద్ద ఆపద కలదు. ఆ ఆపదకు కారణమును దీవిలో లేదు, దూరదేశముల పొగగొట్టములలో ఉన్నది. ఇదియు వారు చేయని తప్పునకు వారిమీద వ్రాయబడుచున్న ఖర్చు.

ఈ కథ గ్రంథాలయపు రజతోత్సవమున ఏల అని ప్రశ్నింపవచ్చును. ఓడ వచ్చినదని అందరును చూతురు. ఏల వచ్చినదో చదివినవాడు మాత్రమే ఎరుగును. ఏల వచ్చినదో ఎరిగినవాడు, ఎప్పుడు మానునో కొంత ముందుగా ఊహింపగలడు. పంట ధర, ఎరువు ధర, కాలువ నీరు, పన్ను, ఇవన్నియు పల్లెటూరి రైతు గడపకు వచ్చు ఓడలే. వాని వెనుక ఎక్కడనో ఒక కాగితము ఉండును. ఆ కాగితమును తెచ్చి బల్లమీద పెట్టునది గ్రంథాలయము. వార్తాపత్రిక, శాసనముల సంపుటము, దేశముల పటము చేతికందు చోటున ఉన్న ఊరు, ఓడ కూత విన్నంతనే ఒడ్డునకు పరుగెత్తదు. మొదట పతాకము ఎవరిదో చూచును.

 పుస్తకము కూడ అతిథియే. కొన్ని దినములుండి మరల బీరువాకు పోవును. కాని అది పోవునపుడు ఇంటిలో కొంత విడిచిపోవును. అట్టి అతిథులు ఈ ఊరికి ఎల్లప్పుడును వచ్చుచుందురు గాక.

స్వస్తి.